పోటీలు పెడితే ఊరికి మిగిలేదెంత?
పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

ఊళ్లో టోర్నీ పెట్టాలన్న ఉత్సాహం డెల్టాలో ఈ మధ్య బాగా పెరిగింది. పోటీల వల్ల ఊరికి వచ్చే పేరు గురించి, డబ్బు గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: పాలకొల్లులో నాలుగు రోజుల కబడ్డీ పోటీలు పెడుతున్నామండి. 16 జట్లు వస్తాయి. "ఊరికి 50 లక్షల వ్యాపారం" అని కరపత్రంలో వేశాం. చందాకి వెళ్తే ఒక కిరాణా వ్యాపారి "ఆ లెక్కేదో చూపించండి" అన్నారు. ఎలా చూపించాలి?
– యూత్ క్లబ్ కార్యదర్శి, పాలకొల్లు

సమాధానం: ఆ వ్యాపారి అడిగింది న్యాయమైన ప్రశ్న. మీరు అంత పెద్ద అంకె వేయకుండా ఉండాల్సింది.

మైదానం దగ్గర చేతులు మారే ప్రతి రూపాయినీ కొత్త వ్యాపారమనుకుంటే లెక్క ఎంతైనా పెరుగుతుంది. మీ ఊరి మనిషి ఆ సాయంత్రం సినిమాకి పెట్టాల్సిన వంద మైదానం దగ్గర బజ్జీలకి పెట్టాడనుకోండి. బజ్జీల బండికి లాభమే, సినిమా హాలుకి మాత్రం నష్టం. ఊరికి కొత్తగా వచ్చిందేమీ లేదు. కాబట్టి బయటి నుంచి వచ్చిన డబ్బే లెక్కలోకి రావాలి. అదీ పోటీ లేకపోతే రాకుండా ఉండేది అయితేనే. అందులోంచి ఊరు దాటి వెళ్లిపోయేది తీసేస్తే మిగిలిందే మీ అంకె.

అంకెలు ఊహించుకునే ఒక నమూనా లెక్క వేద్దాం. రోజుకి 1,500 మంది చొప్పున నాలుగు రోజుల్లో బయటివాళ్లు 6,000 మంది వచ్చారు. వాళ్లలో సగం మంది పోటీ ఉన్నా లేకపోయినా బజారు పని మీదో, క్షీరారామ దర్శనానికో వచ్చేవాళ్లే. మిగిలిన 3,000 మంది తలకి 150 చొప్పున ఖర్చు పెడితే 4.5 లక్షలు. జట్టుకి 14 మంది చొప్పున 224, అధికారులు 16, మొత్తం 240 మంది. వీళ్లు రోజుకి 200 సొంత డబ్బు ఖర్చు పెడితే నాలుగు రోజులకి 1.92 లక్షలు. బయటి కంపెనీ ప్రకటన ఒక లక్ష. వచ్చింది 7.42 లక్షలు.

ఇక పోయేది. బహుమతులు 2 లక్షలు. గెలిచిన జట్టు పట్టుకుని వెళ్లిపోతుంది. మ్యాట్లు, లైట్ల అద్దె 90 వేలు. విజయవాడ నుంచో రాజమండ్రి నుంచో తెస్తే ఆ డబ్బు అక్కడికే. అధికారుల పారితోషికం, దారి ఖర్చులు 1.2 లక్షలు. బయట కుట్టించిన జెర్సీలు, బయట కొట్టించిన ఫ్లెక్సీలు 40 వేలు. మొత్తం నాలుగున్నర లక్షలు. ఊళ్లో నిలిచింది మూడు లక్షలకి కాస్త తక్కువే. హోటల్లో పడిన 150లో గ్యాస్‌కీ నూనెకీ బయటికి వెళ్లేది తీస్తే ఇంకా తగ్గుతుంది.

జట్లకి భోజనం, బస మీరే చందాలతో పెట్టారనుకోండి. అది ఊరి జేబులోంచి ఊరి జేబులోకే వెళ్లింది. దాన్ని ఆదాయం కింద రాయకండి. చాలా కమిటీలు తప్పటడుగు వేసేది ఇక్కడే.

నిజం అంకె కావాలంటే ఈసారి గేటు దగ్గర ఇద్దరు డిగ్రీ పిల్లల్ని పెట్టండి. రోజుకి 100 మందిని నాలుగు ప్రశ్నలు అడిగిస్తే చాలు: ఏ ఊరు, పోటీ లేకపోతే ఇవాళ ఇక్కడికి వచ్చేవారా, ఎంత ఖర్చు పెట్టారు, రాత్రికి ఉంటారా. తెలిసినవాళ్లని కాకుండా, లోపలికి వచ్చేవాళ్లలో ప్రతి పదో మనిషినీ అడగాలి. లేకపోతే వచ్చిన జవాబులన్నీ మీ స్నేహితులవే అవుతాయి. పార్కింగ్‌లో బండ్ల లెక్క రాత్రి ఏడింటికి ఒకసారి రాసుకోండి. జనం ఎంతమంది వచ్చారన్న దానికి స్టేజీ మీద మైకు చెప్పే అంకె కన్నా అదే నయం.

ఊళ్లో నిలిచే సొమ్ము పెంచుకోవడానికి ఒక మంచి దారి భోజనం టోకెన్లు. మొత్తం వంట ఒకే క్యాటరింగ్ కాంట్రాక్టుకి ఇవ్వకుండా, పూటకి 100 రూపాయల టోకెన్ ఇచ్చి ఊళ్లో పది మెస్సుల్లో ఎక్కడైనా తినమనండి. టోకెన్ మీద తేదీ, పూట, క్లబ్ ముద్ర ఉండాలి. ఏ రాత్రి లెక్క ఆ రాత్రే తేల్చి డబ్బు ఇచ్చేయండి. మూడు రోజులు ఆపితే రెండో ఏడు ఏ మెస్సువాడూ ఒప్పుకోడు.

కరపత్రంలో 50 లక్షల వాక్యం కొట్టేసి "పది మెస్సులకి 240 మంది, నాలుగు రోజుల భోజనం" అని వేయండి. కిరాణా వ్యాపారికి ఆ మాట అర్థమవుతుంది.

ప్రశ్న: సంక్రాంతికి జనం ఎలాగూ వస్తారు కదా, పోటీలు అప్పుడే పెడితే ఊరు మారుమోగిపోతుందని మావాళ్లంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, భీమవరం

సమాధానం: మారుమోగుతుంది, ఊరికి లాభం మాత్రం తక్కువ. సంక్రాంతి మూడు రోజులూ భీమవరంలో లాడ్జి గది దొరకడమే గగనం, దొరికినా రేటు రెండింతలు మూడింతలు. ఆ గదులు మీ పోటీ లేకపోయినా నిండేవే. మీ జట్లు వచ్చి ఇంకో చుట్టాన్నో పర్యాటకుణ్ణో బయటికి పంపుతాయి, అంతే. పైగా పోలీసులు కోడిపందేల బరుల చుట్టూ తిరుగుతుంటారు. మీ బందోబస్తుకి మనుషులు దొరకరు. పోటీ పెట్టాల్సింది లాడ్జీలు ఖాళీగా ఉన్న రోజుల్లో.

డెల్టాలో ఏడాదిని ఇలా చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు, గోదావరి వరదలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు తుపాను కోనసీమని ఎలా తుడిచిపెట్టిందో తెలిసిందే. 2025 అక్టోబరు చివర్లో మొంథా కూడా నరసాపురం దగ్గరే తీరం దాటింది. డిసెంబరులో సార్వా (తొలి పంట) డబ్బు చేతిలో ఉంటుంది కానీ మంచు విపరీతం. మార్చిలో పది, ఇంటర్ పరీక్షలు; బడి మైదానం ఇవ్వరు, మైకు పెట్టనివ్వరు. ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట) కోతలు, మే ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

మిగిలేది ఫిబ్రవరి. అందులో కూడా పంచాంగం చూడకుండా తేదీ వేయకండి. మాఘమాసం పెళ్లి ముహూర్తాలు పడిన రోజున షామియానాలు, కుర్చీలు, వంటవాళ్లు, జనరేటర్లు అన్నీ పెళ్లివారి చేతిలో ఉంటాయి. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం; చుట్టుపక్కల డిపోల బస్సులు అటు మళ్లుతాయి. శివరాత్రికి మీ సోమారామం దగ్గరా, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోటల్లోనూ జనమే జనం. ఈ మూడూ తప్పించి, ముహూర్తాలు లేని నాలుగు రోజులు గురువారం నుంచి ఆదివారం దాకా చూసుకోండి. మూడు నెలల ముందు తేదీ ఖాయం చేస్తే షామియానా అద్దె కూడా తగ్గుతుంది.

ప్రశ్న: మ్యాట్ మీద కబడ్డీ ఆడించాలంటే ఏమేం కావాలి? మా నేల నల్లమట్టి. కిందటేడు రాత్రి ఆటలో ముగ్గురు జారిపడ్డారు.
– పీఈటీ, తణుకు దగ్గరి గ్రామం

సమాధానం: పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, రెండు వైపులా ఒక్కో మీటరు లాబీ ఆ పదిలోనే. మహిళలకి 12 x 8. మ్యాట్ పలక మీటరు x మీటరు ఉంటుంది కాబట్టి పురుషుల కోర్టుకి 130 పలకలు. చుట్టూ మీటరు అంచు కూడా వేస్తే 15 x 12, అంటే 180. అంచు పలకలు మిగుల్చుకోవాలని చూడకండి. రైడర్‌ని పట్టి బయటికి విసిరినప్పుడు మోకాలు తగిలేది అక్కడే.

నల్లమట్టి ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. దాని మీద నేరుగా మ్యాట్ వేస్తే రెండో రోజుకి పలకల పళ్లు విడిపోయి సందులు పడతాయి. ఆ సందులో బొటనవేలు ఇరుక్కుంటుంది. నేల చదును చేసి 10 సెంటీమీటర్ల మందాన ఎర్ర గ్రావెల్ పోసి, నీళ్లు చల్లి రోలర్ తిప్పాలి. 15 x 12 చోటుకి అణిచాక 18 ఘనపు మీటర్లు కావాలి, వదులుగా తెప్పించుకుంటే 22 లేదా 23. ట్రాక్టర్ ట్రక్కు మూడు ఘనపు మీటర్లు మోస్తుందనుకుంటే కోర్టుకి ఎనిమిది లోడ్లు. దాని మీద మందపాటి పాలిథిన్ పరిచి ఆపైన మ్యాట్. పాలిథిన్ లేకపోతే కింది చెమ్మ పైకి వచ్చి పలకలు అడుగున జారతాయి. చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వండి.

మీవాళ్లు జారింది మంచు వల్ల. ఆకాశానికి తెరిచి ఉన్న మ్యాట్ రాత్రి ఎనిమిదిన్నర దాటేసరికి చల్లబడి తడి పడుతుంది, ఆ రబ్బరు నురగ నీటిని పీల్చదు. తుడిచిన పావుగంటకి మళ్లీ తడే. అసలు మందు పైన కప్పు: ఆరు మీటర్ల ఎత్తున షామియానా గుడ్డ లాగి కడితే మంచు గుడ్డ మీద పడుతుంది. కప్పు వేయలేకపోతే ఆటలు మధ్యాహ్నం మూడున్నరకి మొదలుపెట్టి తొమ్మిదికి ముగించండి. టార్పాలిన్ కప్పి ఉంచినా, ఆటకి పావుగంట ముందే తీసి పొడి నూలు గుడ్డతో తుడిపించాలి. దాని కిందా చెమ్మ చేరుతుంది.

పాలకొల్లులో లాగా 16 జట్లు వస్తే ఈ వేళలకి ఎలా సర్దుతాయంటారా? నాలుగు గుంపులు, గుంపుకి నాలుగు జట్లు, ఆరేసి ఆటలు, లీగ్ 24. క్వార్టర్లు 4, సెమీస్ 2, ఫైనల్ 1. మొత్తం 31. పురుషుల ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 5 నిమిషాలు. టైమౌట్లు, తుడుపు కలిపితే ఆటకి గంట పైనే. రెండు కోర్టుల్లో సాయంత్రానికి పది ఆటలు పడతాయి. మొదటి రెండు రోజులు పదేసి, మూడో రోజు మిగిలిన లీగ్ 4, క్వార్టర్లు 4, నాలుగో రోజు సెమీస్, ఫైనల్. ఒక్కో ఆటకి రిఫరీ ఒకరు, అంపైర్లు ఇద్దరు, స్కోరర్ ఒకరు, సహాయ స్కోరర్లు ఇద్దరు. రెండు కోర్టులకి పన్నెండు మంది, మార్పుకి నలుగురు. వీళ్లని జిల్లా సంఘం ద్వారా ముందే అడగాలి. చివరి వారంలో అడిగితే ఊళ్లో పెద్దమనిషి ఈల పట్టుకుంటాడు, గొడవ అక్కడే మొదలవుతుంది.

లైట్లకి కోర్టు నాలుగు మూలల బయట 9 మీటర్ల స్తంభాలు, ఒక్కోదానికి 400 వాట్ల ఎల్‌ఈడీలు రెండేసి. రెండు కోర్టులకి 6.4 కిలోవాట్లు. మైకు, స్టాళ్లు కలిపి పది కిలోవాట్లకి తాత్కాలిక కనెక్షన్ అడగండి, తోడుగా జనరేటర్ ఉంచండి. స్తంభం గొయ్యి మీటరున్నర లోతు. మన దగ్గర మీటరు తవ్వేసరికే నీళ్లు ఊరతాయి; ఆ బురదనే తిరిగి పూడిస్తే స్తంభం మర్నాటికి ఒరుగుతుంది. ఇటుక ముక్కలు, కంకర దట్టించి మూడు వైపులా స్టే వైర్లు లాగాలి. రాత్రి పది దాటాక మైకు చట్టరీత్యా కుదరదు, అది కూడా తొమ్మిదికి ముగించడానికి ఒక కారణం.

ప్రశ్న: మెట్ల గ్యాలరీ అద్దెకి తెస్తున్నాం. కాంట్రాక్టరు "ఎన్నోచోట్ల వేశామండి, ఏం భయం లేదు" అంటున్నాడు. ఇంకేం చూడాలి?
– పంచాయతీ సభ్యుడు, ఆచంట ప్రాంతం

సమాధానం: అతను వేసిన చోట్ల నేల ఏదో అడగండి. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలవబోతుండగా గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు.

లెక్క కష్టమేమీ కాదు. 15 మీటర్ల పొడవు, పది మెట్లు. మనిషికి 45 సెంటీమీటర్లు చొప్పున మెట్టుకి 33 మంది, మొత్తం 330. తలకి 65 కిలోలైతే 21 టన్నుల పైచిలుకు. మీటరున్నరకో ఫ్రేము, ఫ్రేముకి నాలుగు కాళ్లు అనుకుంటే 44 కాళ్లు. కాలికి దాదాపు 490 కిలోలు. కాలి కింద రేకు 15 సెంటీమీటర్ల చదరమైతే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద రెండు కిలోలకి పైనే పడుతుంది. తడి నల్లమట్టి అర కిలో మోస్తే గొప్ప. అందుకే ఒక వైపు కాళ్లు దిగిపోయి గ్యాలరీ పక్కకి వాలుతుంది. కాలి కింద 30 x 45 సెంటీమీటర్ల మందపాటి చెక్క వేస్తే భారం మూడో వంతు కిలోకి దిగుతుంది. జనం ఒక్కసారి లేచి గెంతితే భారం ఇంకా పెరుగుతుంది కాబట్టి చెక్క సైజు తగ్గించనివ్వకండి. ఫ్రేముల మధ్య ఏటవాలు రాడ్లు ఉన్నాయా, బోల్టులన్నీ బిగించారా, ఒక్కో రంధ్రం కళ్లతో చూడాలి. జనం ఎక్కకముందు ఇసుక బస్తాలు పేర్చి ఒక రాత్రి ఉంచండి. పొద్దున్నకి ఏ కాలైనా వేలెడు దిగితే ఆ గ్యాలరీ వద్దు. గ్యాలరీ కింద నీళ్ల ట్యాంకరు, ఐస్‌బండి నిలపనివ్వకండి. నేలని తడిపేది అవే.

లోపలికి ఒక దారి, బయటికి వేరే దారి, ఒక్కోటి కనీసం మూడు మీటర్ల వెడల్పు. 2015 పుష్కరాల తొలిరోజు రాజమండ్రి పుష్కర ఘాట్‌లో పాతిక మందికి పైగా చనిపోయింది తొక్కిసలాటలోనే. ఆ సంగతి తెలిసిన జిల్లాలో ఒకే గేటు పెట్టడం క్షమించరానిది.

ప్రశ్న: సాత్విక్‌సాయిరాజ్ మా ఊరివాడు. అమలాపురానికి ఒక పెద్ద స్టేడియం కట్టి జాతీయ పోటీలు తెస్తే ఊరు బ్యాడ్మింటన్ పట్టణం కాదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, అమలాపురం

సమాధానం: 2022 థామస్ కప్ గెలిచిన జట్టులో ఆడి, ఆసియా క్రీడల డబుల్స్ స్వర్ణం సాధించిన జోడీలో ఒకరు మీ ఊరివారు కావడం గొప్పే. కానీ ఆయన రాటుదేలింది హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో. పేరు తెచ్చేది రోజూ తెల్లవారుజామున తెరుచుకునే కోర్టు. నాలుగు రోజుల పోటీ దాని తర్వాతే.

పెద్ద కట్టడాల సంగతి లోకానికి తెలియనిది కాదు. 1976 ఒలింపిక్స్ అప్పు మాంట్రియల్ 2006 దాకా తీర్చింది. 2004 తర్వాత ఏథెన్స్‌లో చాలా వేదికలు పాడుబడ్డాయి. 1984లో లాస్ ఏంజెలెస్ చాలావరకు ఉన్న స్టేడియాలతోనే నడిపి 20 కోట్ల డాలర్లకి పైగా మిగుల్చుకుంది. మనకి దగ్గరగా చూస్తే, 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలతో గచ్చిబౌలి పేరు దేశమంతా తెలిసింది. అక్కడి క్రీడా గ్రామం భవనం 2020లో కోవిడ్ ఆసుపత్రి అయింది. ఆపదలో అక్కరకొచ్చింది, సంతోషమే. ఆటకి మాత్రం అంత భవనం అవసరపడలేదన్న సంగతీ అందులోనే ఉంది.

అమలాపురానికి నాలుగు కోర్టుల హాలు చాలు. కోర్టు 13.4 x 6.1 మీటర్లు. పక్కపక్కన నాలుగు, మధ్యా అంచులా రెండేసి మీటర్లు వదిలితే 35 x 18 మీటర్ల హాలు, కప్పు ఎత్తు 9 మీటర్లు. కాంక్రీటు మీద నేరుగా సింథటిక్ మ్యాట్ పరిస్తే పిల్లల మోకాళ్లు పోతాయి. కింద చెక్క నేల కావాలి. కోనసీమ చెమ్మకి చెక్క ఉబ్బి లేస్తుంది కనుక పునాది నేలకన్నా రెండడుగులు లేపి, పాలిథిన్ పొర వేసి, చెక్క కింద గాలి ఆడేలా నాలుగు వైపులా కిటికీ జాలీలు పెట్టాలి. గోడ దగ్గర చెక్కకి అంగుళం సందు వదలాలి. ఆ సందు వదలని హాళ్లలోనే నేల మధ్యలో ఉబ్బుతుంది.

ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం ఐదు. నాలుగు కోర్టులకి రోజుకి 36 గంటలు. సగం నిండినా, గంటకి 200 తీసుకున్నా నెలకి లక్ష పైన. కరెంటు, కాపలా, కోచ్ జీతంలో కొంత గడుస్తుంది. ఎప్పటికైనా జాతీయ పోటీ తేవాలంటే కోర్టుల సంఖ్య చాలదు, నిజమే. ఆ నాలుగు రోజులకి ఫంక్షన్ హాలులో మ్యాట్లు వేసుకోవచ్చు, కప్పు ఎత్తు సరిపోతే.

ప్రశ్న: ఆత్రేయపురం పడవ పోటీల్లాగా మేమూ మా కాలువ మీద మొదలుపెడదామా?
– రైతు, తూర్పు డెల్టా

సమాధానం: ఆత్రేయపురంలో కాటన్ దొర పేరిట జరుగుతున్న పోటీకి బలం పడవలొక్కటే కాదు. లొల్ల లాకులు ఉన్నాయి, 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన పూతరేకులు ఉన్నాయి. చూడ్డానికి వచ్చినవాడు ఏదో ఒకటి పొట్లం కట్టించుకునే ఇంటికి వెళ్తాడు. కేరళలోని అలప్పుజలో నెహ్రూ ట్రోఫీ పడవ పందెం 1952లో మొదలైంది. అక్కడ పడవ ఊరి సొత్తు, గెలుపోటములు ఊరి పరువు. ఒడిశా 2018 నుంచి హాకీని పట్టుకుని వదల్లేదు: 2018, 2023 ప్రపంచ కప్‌లు, రూర్కెలాలో స్టేడియం. ఒకే ఆట, ఒకే చోటు, ఏటేటా. ఈ ఏడు పడవలు, మరుసటేడు వాలీబాల్, ఆపై ఎడ్ల పందేలు అంటూ మారిస్తే ఏదీ మీ ఊరి పేరుతో అతుక్కోదు.

పొరుగూరి పోటీనే ఇరవై కిలోమీటర్ల దూరంలో మళ్లీ పెడితే రెండూ పలుచబడతాయి. పెట్టి తీరాలనుకుంటే ముందు నీటిపారుదల శాఖ అనుమతి, తర్వాత లాకుల దగ్గర నీటి వేగం ఆ రెండు గంటలు తగ్గించే ఏర్పాటు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి అప్పటి తేదీ కుదరదు. ప్రతి తెడ్డు పట్టినవాడికీ లైఫ్ జాకెట్, పోటీ పడవకి ముందూ వెనకా మోటారు పడవ. జనాన్ని గట్టు అంచుకి రెండు మీటర్ల ఇవతల వెదురు కంచెతో ఆపండి. తడిసిన గట్టు మనుషుల బరువుకి కాలువలోకి జారుతుంది, అది పంటకాలువకీ గండే.

ప్రశ్న: పోటీ అయ్యాక 60 వేలు మిగిలాయి. విందు పెడదామంటున్నారు.
– క్లబ్ కోశాధికారి, నరసాపురం

సమాధానం: ముందు బాకీలు తీర్చండి: షామియానా, మెస్సులు, కరెంటు బిల్లు, మైదానంలో తవ్విన గోతుల పూడిక. బడి మైదానాన్ని గుంటలతో వదిలేస్తే వచ్చే ఏడు హెడ్మాస్టరు గారు తాళం తీయరు. మిగిలినదాంతో అంచు పలకలు 50 కొనగలరేమో ధర అడగండి. పక్క మూడు ఊళ్ల క్లబ్బులతో కలిస్తే పూర్తి సెట్టు కొని, తలా ఓ నెల వాడుకోవచ్చు. ఏటా బయటికి పోయే అద్దె ఆగుతుంది. పలకల్ని నిలబెట్టి కాదు, పడుకోబెట్టి, ఎండ తగలని పొడి గదిలో పేర్చాలి. ఎలుకలు కొరుకుతాయి, గది చూసుకుని ఒప్పుకోండి. జమాఖర్చుల కాగితం పంచాయతీ బోర్డుకి అంటించాక విందు సంగతి.